మంచు మీద నడిచే ఈగతో మనకేం పని?

ఈ శీర్షికలో మామూలుగా మీరు కొత్త ప్రోగ్రామింగు భాషల గురించో, క్లౌడు ఖర్చుల గురించో, కృత్రిమ మేధ మన ఉద్యోగాలు తినేస్తుందా లేదా అన్న దాని గురించో చదువుతూ ఉంటారు. ఈసారి నేను ఒక ఈగ గురించి రాస్తున్నాను. ఈగ అంటే బెల్లం ముక్క మీద వాలే ఈగ కాదు. దీనికి రెక్కలు లేవు. నడి చలికాలంలో, కొండల మీద, మనం మూడు పొరల జాకెట్లు వేసుకుని కూడా వణికే చోట, మంచు మీద తాపీగా నడుచుకుంటూ పోతుంది. దీనికీ టెక్నాలజీకీ సంబంధం ఏమిటని మీరు అడగవచ్చు. సంబంధం ఉందనే నా వాదన. అయితే అది మనవాళ్ళు సాధారణంగా వెతికే చోట లేదు.

దీని పేరు కయోనియా. మంచుకి గ్రీకులో ఉన్న మాట నుంచి వచ్చిన పేరు. 1816లో డాల్మన్ అనే స్వీడన్ శాస్త్రవేత్త పెట్టాడు. ఇందులో సుమారు 40 జాతులున్నాయి. పొడుగు కాళ్ళతో చూడటానికి సాలీడులా ఉంటుంది కానీ కాళ్ళు ఆరే. వేసవిలో మన బాత్రూము గోడల మీద పెద్ద దోమలా వేలాడుతూ కనిపించే క్రేన్ ఫ్లైకి ఇది దగ్గర చుట్టం. చలిలో ఎగరటానికి కావలసిన కండరాలు పనిచెయ్యవు కాబట్టి, పనికిరాని రెక్కల్ని ఈ వంశం ఏనాడో వదిలించుకుంది. ఆ కండరాలు ఉండాల్సిన చోటు ఆడ ఈగల్లో గుడ్లు దాచుకోవటానికి కలిసి వచ్చింది. ఎక్కువ కాలం నేలకీ మంచుకీ మధ్య ఉన్న సందులో గడుపుతుంది. పైన ఎంత చలి ఉన్నా, మంచు దుప్పటి కింద సున్నా డిగ్రీల దగ్గరే ఉంటుంది. జోడు వెతుక్కోవటానికి మాత్రం పైకి వచ్చి నడుస్తుంది. ప్రమాదమంతా ఆ నడకలోనే ఉంది.

ఆ ప్రమాదం ఎలాంటిదో 2023లో కరెంట్ బయాలజీ పత్రికలో వచ్చిన ఒక పేపరు చెప్పింది. సియాటిల్‌లోని యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో జాన్ టుథిల్ నడిపే ప్రయోగశాల అది. వాళ్ళు మామూలుగా చేసేది పండ్ల మీద వాలే చిన్న ఈగలు కాళ్ళని ఎలా కదుపుతాయో చూడటం. ఈ పేపరు కోసం మంచు ఈగల్ని తెచ్చి, చల్లటి పలక మీద వదిలి, ఉష్ణోగ్రత తగ్గిస్తూ, థర్మల్ కెమెరాతో వీడియో తీశారు. సగటున శరీరం మైనస్ 7 డిగ్రీల సెల్సియస్‌కి చేరేదాకా అవి నడుస్తూనే ఉన్నాయి. సున్నా దాటినా ఒంట్లో ద్రవం గడ్డకట్టకుండా ద్రవంగానే ఉంటోందన్న మాట. కానీ ఆ స్థితి చాలా పెళుసు. ఎక్కడో ఒక చోట చిన్న మంచు స్ఫటికం పుట్టిందంటే చాలు, క్షణాల్లో ఒళ్ళంతా పాకుతుంది. నీరు గడ్డకట్టేటప్పుడు వేడి విడుదలవుతుందని చిన్నప్పుడు భౌతికశాస్త్రంలో చదువుకున్నాం కదా, ఆ వేడి థర్మల్ కెమెరాలో మెరుపులా కనిపిస్తుంది. ఆ మెరుపు ఒళ్ళంతా వచ్చిందంటే ఈగ చచ్చిపోయినట్టే.

విశేషం ఏమిటంటే, మెరుపు చాలాసార్లు కాలి చివర మొదలవుతుంది. అలా మొదలైన వెంటనే కొన్ని ఈగలు తొడ మొదట్లో ఉన్న కీలు దగ్గర ఆ కాలుని తెంపేసుకున్నాయి. మంచు ఒంట్లోకి పాకేలోపే కాలు ఊడి పక్కన పడింది. ఈగ మిగిలిన ఐదు కాళ్ళతో నడక సాగించింది. బల్లి తోక వదలటం మనకి తెలుసు, కానీ అది పిల్లినో పామునో తప్పించుకోవటానికి. చలిని తప్పించుకోవటానికి కాలు వదిలేసే జంతువు గురించి నేనైతే మొదటిసారి చదివాను. పైగా బల్లి తోక మళ్ళీ వస్తుంది. పెద్దదైన ఈగకి ఇక కాలు రాదు.

ఇలాంటివి ఇదొక్కటే కాదు. 1914లో కెనడాలో ఇ. ఎం. వాకర్ బాన్ఫ్ దగ్గరి సల్ఫర్ మౌంటెన్ నుంచి ఒక వింత పురుగుని వర్ణించాడు. కీచురాయికీ బొద్దింకకీ పుట్టినట్టు ఉందని దానికి గ్రిల్లోబ్లాటా అని పేరు. రాత్రిళ్ళు మంచు మీదకి వచ్చి, గాలికి కొట్టుకొచ్చి చచ్చిపడిన పురుగుల్ని ఏరుకు తింటుంది. సున్నాకి కాస్త అటూ ఇటూ దానికి సుఖం. అరచేతిలో పెట్టుకుంటే ఆ వేడికే ప్రాణం పోవచ్చు. ఈశాన్య అమెరికాలోనూ కెనడాలోనూ ఉండేవాళ్ళు చలికాలం చివర చెట్ల మొదట్లో మంచు మీద మిరియాల పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు గెంతుతూ ఉండటం చూసే ఉంటారు. అవి స్నో ఫ్లీలు. కచ్చితంగా మాట్లాడితే వీటిని ఇప్పుడు కీటకాల్లో కలపరు, దగ్గరి బంధువులు అంటారు. 2005లో కింగ్‌స్టన్‌లోని క్వీన్స్ యూనివర్సిటీకి చెందిన లారీ గ్రాహం, పీటర్ డేవీస్ వీటి ఒంట్లో గడ్డకట్టే ఉష్ణోగ్రతని దాదాపు 6 డిగ్రీలు కిందకి దించే ప్రోటీన్లు ఉన్నాయని సైన్స్ పత్రికలో రాశారు. మనం చలికాలానికి ముందు కారులో పోయించే యాంటీఫ్రీజు ద్రవమంతటా కలిసి పనిచేస్తుంది. ఈ ప్రోటీను అలా కాదు. అప్పుడే పుట్టిన మంచు స్ఫటికం ముఖానికి అతుక్కుని, దాన్ని పెరగనివ్వదు.

ఇక మన హిమాలయాలు. నేపాల్‌లో లాంగ్‌టాంగ్ లోయలో యాలా అనే హిమానీనదం ఉంది. అక్కడ షిరో కోషిమా అనే జపాన్ శాస్త్రవేత్త ఒక చిన్న పురుగుని కనిపెట్టి 1984లో నేచర్ పత్రికలో రాశాడు. దోమ పోలికలున్న పురుగు, రెక్కలు కుదించుకుపోయి ఎగరలేదు. మైనస్ 16 డిగ్రీల దగ్గర కూడా కదులుతూ ఉంది. దీని పిల్లపురుగులు మంచు కింద పారే సన్నటి కాలవల్లో నాచునీ బాక్టీరియానీ తిని పెరుగుతాయి. అంటే పుట్టటం, పెరగటం, పిల్లల్ని కనటం, పోవటం అన్నీ ఆ హిమానీనదం మీదే. దానికి వేరే ఊరు లేదు.

ఇంతవరకూ చదివాక మనవాళ్ళు అడిగే ప్రశ్న ఒకటి ఉంటుంది. పాట్‌లక్కుల్లో ఈ సంగతులు చెప్పినప్పుడల్లా ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. "బాగానే ఉందండీ, కానీ దీనివల్ల ఉపయోగం ఏమిటి?"

ఉపయోగాలు చెప్పమంటే చెప్పగలను. 1960ల చివర్లో ఆర్థర్ డివ్రీస్ అనే ఆయన అంటార్కిటికా చేపలు గడ్డకట్టుకుపోకుండా ఎలా ఈదుతున్నాయని ఆలోచించి, వాటి రక్తంలో ఇలాంటి ప్రోటీన్లని పట్టుకున్నాడు. చాలా ఏళ్ళ తరవాత అదే జాతి ప్రోటీనుని, ఇంకో చేపది, ఈస్టుతో తయారు చేయించి యూనిలీవర్ కంపెనీ ఐస్‌క్రీముల్లో వాడింది. మంచు పలుకులు కట్టకుండా మెత్తగా ఉంచటానికి. శరీరం నుంచి తీసిన అవయవాలని ఇంకా ఎక్కువ సేపు చల్లగా నిలవ ఉంచటానికీ, చలికి తట్టుకునే పంటలకీ ఇవి పనికొస్తాయేమోనని పరిశోధనలు నడుస్తున్నాయి.

ఇలా చెప్పగానే అడిగినవాళ్ళు తృప్తిగా తల ఊపుతారు. నాకు మాత్రం ఈ జవాబు నచ్చదు. అబద్ధమని కాదు. డివ్రీస్ మంచునీళ్ళల్లో గాలం వేస్తున్నప్పుడు ఐస్‌క్రీము గురించి ఆలోచించి ఉంటే ఆ చేప దగ్గరకే వెళ్ళి ఉండేవాడు కాదు. ఉపయోగం ముందు చూపిస్తేనే డబ్బులిస్తాం అంటే, ఉపయోగపడేవి కూడా దొరకవు. మనం పనిచేసే రంగంలో ప్రతి ప్రాజెక్టుకీ మొదటి రోజే లాభం లెక్క కట్టమంటారు కాబట్టి, లోకంలో ప్రతి పనికీ అదే కొలబద్ద అన్న అలవాటు మనకి పట్టుకుంది. 2025లో అమెరికా అధ్యక్షుడి బడ్జెట్ ప్రతిపాదనలో నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌కి సగానికి పైగా కోత పెట్టాలన్నారు. ప్రతిపాదన సంగతి అలా ఉంచండి. అది చదివి "ఈగల కాళ్ళ మీద పరిశోధనకి మా పన్నులా" అని సంబరపడిన ఇంజనీర్లని నేను చూశాను. వాళ్ళ సొంత చదువు ఇక్కడి యూనివర్సిటీల్లో ఇలాంటి గ్రాంటుల మీదే నడిచింది. అందులో కొందరు రీసెర్చి అసిస్టెంటుషిప్పు దొరక్కపోతే రెండో సెమిస్టరు ఫీజు కట్టలేకపోయేవాళ్ళు.

మనవాళ్ళలో ఇంకో అలవాటు ఉంది. ఉపయోగం అడగని వాళ్ళు ఉపమానం వెతుకుతారు. ఈ ఈగ సంగతి చెప్పగానే నా తోటి కన్సల్టెంటు ఒకాయన "అచ్చం సర్క్యూట్ బ్రేకర్ ప్యాటర్నులా ఉందే" అన్నాడు. ఒక సర్వీసు పాడైతే దాని పీడ మిగతా వాటికి పాకకుండా తెంపేసే పద్ధతి మనందరికీ తెలిసిందే. పోలిక పైకి చక్కగా ఉంది. లోపల నిలబడదు. మన డేటా సెంటర్లో ఒక సర్వరు పోతే ఇంకోటి పైకి లేస్తుంది. పోయినదాన్ని మర్నాడు ఎవరో బాగుచేస్తారు. ఈగకి వెనక గిడ్డంగి లేదు. ఉన్నవి ఆరే, పోయింది పోయినట్టే. మన సిస్టమ్‌లో ఎన్నిసార్లు విఫలమైతే తెంపాలో మనం కూర్చుని అంకె మారుస్తూ పరీక్షిస్తాం. ఈగకి ఆ అంకె లక్షల తరాల చావులు రాసి పెట్టాయి.

ఉపమానాల్లో నాకు అసలు భయం ఇంకోటి. ఇవి పవర్‌పాయింటు స్లైడ్లలోకి ఎక్కటానికి ఎంతో సేపు పట్టదు. "ప్రతికూల వాతావరణంలో ధైర్యంగా కొన్ని అవయవాలని వదులుకునే సంస్థలే నిలబడతాయి" అని ఏదో ఒక లేఆఫ్ ఈమెయిల్లో ఈ ఈగ ప్రత్యక్షం కావచ్చు. అప్పుడు కాలు ఎవరో మనకి వేరే చెప్పక్కర్లేదు. వర్కు వీసా మీద ఉన్నవాడికి అరవై రోజుల్లో ఇంకో ఒళ్ళు వెతుక్కోవాల్సిన కాలు అది. పాపం ఆ ఈగ ఎవరికీ నీతులు చెప్పటం లేదు. దాని బతుకు అది బతుకుతోంది. దాన్ని దానిగా చూడటమే మనం దానికి ఇవ్వగల మర్యాద.

మరి టెక్నాలజీకి సంబంధం ఎక్కడుంది? డేటా దగ్గర ఉంది.

ఇవాళ ఏ సమస్య చెప్పినా "ఒక మోడల్ ట్రెయిన్ చేస్తే సరిపోతుంది" అంటాం. నేనూ మాస్టర్స్‌లో మెషీన్ లెర్నింగు చదువుకున్నవాడినే. మంచు ఈగల్ని ఫొటో చూసి గుర్తుపట్టే మోడల్ తయారు చెయ్యాలనుకుందాం. ఫొటో చూసి ఇది కయోనియా అని చెప్పటం తేలికే. నలభై జాతుల్లో ఏదో చెప్పాలంటే మాత్రం సాధారణంగా మగ ఈగ జననాంగాల ఆకారాన్ని మైక్రోస్కోపు కింద చూడాలి. ఉత్తర అమెరికా జాతులన్నిటినీ అలా చూసి గుర్తులు రాసి పెట్టినవాడు కాన్సస్ యూనివర్సిటీకి చెందిన జార్జ్ బయర్స్. 1983లో ఆయన పుస్తకం వచ్చింది. మోడల్‌కి కావలసిన లేబుల్స్ అక్కడి నుంచి రావాలి. అలాంటి మనిషి లేకపోతే లేబుల్ లేదు, లేబుల్ లేకపోతే మోడల్ లేదు. వంద జీపీయూలు అద్దెకి తీసుకున్నా ఆ లోటు తీరదు. ఇక నమూనాలు. టుథిల్ బృందానికి ఈగల్ని పట్టి తెచ్చినవాళ్ళలో మంచు కొండల మీద స్కీయింగు చేసేవాళ్ళు, పర్వతారోహకులు ఉన్నారు. ఎవరో ఒకరు చలిలో వంగి, మంచు మీద చూస్తే తప్ప దొరకని డేటా ఇది.

పైగా ఈ డేటాకి గడువు ఉంది. మా వృత్తిలో పాత సిస్టమ్‌ని ఆపేసేటప్పుడు ముందు చెయ్యాల్సిన పని ఏమిటో మీకు తెలుసు. లాగ్స్ తీసి దాచుకోవాలి. నేను పనిచేసిన ఒక క్లయింటు దగ్గర, ఇరవై ఏళ్ళ నాటి బిల్లింగు సిస్టమ్‌ని ఆపేసి, లీజు అయిపోయిందని మెషీన్లు వెనక్కి పంపేశారు. ఆరు నెలల తరవాత ఒక లెక్క తేడా వచ్చింది. పాతది ఎలా లెక్క కట్టేదో చెప్పగలిగినవాళ్ళు లేరు, చూద్దామంటే సిస్టమ్ లేదు. మేము నాలుగు నెలలు ఊహలు రాశాం. వాటిలో ఏది నిజమో ఈనాటికీ ఎవరికీ తెలియదు.

యాలా హిమానీనదం విషయంలో జరుగుతున్నది అంతకన్నా పెద్ద నష్టం. 1970లతో పోలిస్తే అది 66 శాతం తగ్గిపోయింది, 784 మీటర్లు వెనక్కి వెళ్ళింది. 2025 మే నెలలో శాస్త్రవేత్తలూ, స్థానికులూ, బౌద్ధ భిక్షువులూ అక్కడికి ఎక్కి వెళ్ళి దానికి వీడ్కోలు సభ జరిపారు. హిమాలయాల్లో అంత శ్రద్ధగా కొలిచిన హిమానీనదాలు కొన్నే ఉన్నాయి, ఇది వాటిలో ఒకటి. మంచు ఎంత తగ్గిందో మనకి మీటర్లలో తెలుసు. దాని మీద పుట్టి దాని మీదే పోయే పురుగు గురించి అందులో పదో వంతు కూడా లెక్క లేదు.

అమెరికాలోనే ఇంకో ఉదాహరణ. మోంటానాలోని గ్లేషియర్ నేషనల్ పార్కులో, హిమానీనదాల నుంచి, మంచుపొలాల నుంచి కరిగి వచ్చే నీళ్ళల్లో లెడ్నియా తుమానా అనే చిన్న స్టోన్‌ఫ్లై ఉంటుంది. దీన్ని రక్షిత జాతుల జాబితాలో చేర్చమని 2007లో అర్జీ పెడితే, 2019 నవంబరులో చేర్చారు. పన్నెండేళ్ళు తెరిచి ఉన్న టికెట్టు. ఆ మరుసటి ఏడే, అంటే 2020లో, స్కాట్ హోటాలింగ్ తదితరులు ఈ రకం కొండ స్టోన్‌ఫ్లైలని ప్రయోగశాలలో పరీక్షించి, ఇవి అనుకున్నదానికన్నా కాస్త ఎక్కువ వేడినే తట్టుకోగలవేమో అన్నారు. అంటే చల్లటి నీళ్ళల్లో ఉంటున్నాయి కాబట్టి వేడికి చచ్చిపోతాయని తేల్చెయ్యటానికి లేదు. వేడి కాక వేరే ఏదో, తిండో, పోటీయో, నీటి ప్రవాహమో, వాటిని అక్కడ ఉంచుతూ ఉండవచ్చు. ఇది శుభవార్తో కాదో తెలియాలన్నా చూడాలి, లెక్క పెట్టాలి, ఏళ్ళ తరబడి అదే చోటికి మళ్ళీ మళ్ళీ వెళ్ళాలి. ఊహకి ఎంత తేలిగ్గా అనిపించినా, ప్రకృతి మనం ఊహించినట్టు ఉండాలని ఏమీ లేదు.

మనదేశంలో ఈ పని కొత్తదేం కాదు. ఆగ్రాలోని సెయింట్ జాన్స్ కాలేజీలో ఎం. ఎస్. మణి అనే కీటక శాస్త్రవేత్త ఉండేవారు. 1950లలో వాయవ్య హిమాలయాలకి విద్యార్థులని వెంటబెట్టుకుని వెళ్ళి పురుగుల్ని సేకరించారు. 1962లో ఎత్తైన కొండల కీటకాల మీద పుస్తకం రాశారు. 1968లో ఇంకో పెద్ద పుస్తకం. ఈ రంగంలో పనిచేసేవాళ్ళు ఇప్పటికీ తిరగేసే పుస్తకాలు అవి. అప్పట్లో ఆయనకి జీపీఎస్సు లేదు, థర్మల్ కెమెరా లేదు. ఇప్పుడు మన జేబులో ఉన్న ఫోను ఆయన మొత్తం బృందం మోసిన పరికరాల కన్నా ఎక్కువ పని చేస్తుంది. మన పిల్లలు వేసవి సెలవులకి ఇండియా వెళ్ళి హిమాచల్లోనో ఉత్తరాఖండ్‌లోనో ట్రెక్కింగు చేసి వందల ఫొటోలు తెస్తున్నారు. వాటిలో ఒక్క పురుగు ఫొటో ఉండదు.

సాఫ్ట్‌వేరు వాళ్ళు ఈ రంగానికి చెయ్యగలిగినదానికి మంచి ఉదాహరణ ఒకటుంది. ఐనాచురలిస్ట్ అని, ఏ మొక్కో పురుగో ఫొటో తీసి పెడితే తెలిసినవాళ్ళు పేరు చెప్పే సైటు మీలో కొందరు వాడే ఉంటారు. అది 2008లో బర్క్‌లీలో ముగ్గురు విద్యార్థుల మాస్టర్స్ ప్రాజెక్టుగా మొదలైంది. మనం చేసినలాంటి ప్రాజెక్టే. మనది గ్రేడు వచ్చాక జిప్ ఫైలయి ఎక్కడో పడి ఉంది, వాళ్ళది ఇప్పటికీ శాస్త్రవేత్తలకి డేటా ఇస్తోంది. కాబట్టి ఇంకో కొత్త యాప్ మొదలుపెట్టమని నేను అనను. ఉన్నదానికి డేటా ఇస్తే చాలు.

సియాటిల్, వాంకూవర్, డెన్వర్, సాల్ట్ లేక్ సిటీ చుట్టుపక్కల వేలమంది తెలుగువాళ్ళం ఉన్నాం. శనాదివారాలు స్నోషూయింగుకీ స్కీయింగుకీ వెళుతూనే ఉన్నాం. ఈ చలికాలం వెళ్ళినప్పుడు ఒక పావుగంట తల దించి మంచు మీద చూడండి. సున్నాకి దగ్గరగా ఉన్న రోజు, చెట్లున్న చోట, అడుగు జాడల పక్కన వెతకండి. నల్లగా, పొడుగు కాళ్ళతో ఏదైనా నడుస్తుంటే పక్కన ఒక నాణెం పెట్టి ఫొటో తీయండి. ఎన్ని కాళ్ళున్నాయో లెక్కపెట్టండి. వేళ, ఎత్తు, గాలి ఉష్ణోగ్రత రాసుకుని ఫొటోతో పాటు పెట్టండి. చేత్తో పట్టుకోవద్దు, మన వేడి వాటికి ఎక్కువ. నేషనల్ పార్కుల్లో అయితే అనుమతి లేకుండా ఏ పురుగునీ తీసుకురాకూడదు. ఏమీ కనబడకపోతే ఏ తేదీన, ఎక్కడ, ఎంతసేపు వెతికారో కూడా రాసుకోండి. లేదన్న సమాచారం కూడా సమాచారమే అని మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. పిల్లల్ని తీసుకెళ్ళండి, వాళ్ళ కళ్ళు మనకన్నా నేలకి దగ్గర.

రెండో పని ఇంకా తేలిక. మన కంపెనీల్లో చాలావాటికి ఉద్యోగి ఇచ్చిన విరాళానికి సమానంగా తామూ ఇచ్చే ఏర్పాటు ఉంది. గుడికీ బడికీ ఇస్తాం, ఇవ్వాలి కూడా. దగ్గర్లోని యూనివర్సిటీ కీటక సంగ్రహాలయానికో, ప్రకృతి చరిత్ర మ్యూజియానికో ఏడాదికి ఒకసారి కొంత ఇస్తే, బయర్స్ లాంటివాళ్ళు పిన్నుకి గుచ్చి పెట్టిన పాత నమూనాలు చెదలు పట్టకుండా ఉంటాయి. ఓటు ఉన్నవాళ్ళు తమ ప్రతినిధికి ఒక ఉత్తరం రాయవచ్చు. ఓటు లేనివాళ్ళం కూడా పన్ను కడుతూనే ఉన్నాం. ఆ డబ్బుతో ఏం జరగాలో అభిప్రాయం చెప్పటానికి వీసా అడ్డం కాదు.

ఆ తరవాత కూడా "ఉపయోగం ఏమిటండీ?" అని ఎవరైనా అడిగితే నా జవాబు ఒకటే. కాలు తెంపుకుని ఈగ ఎలా బతుకుతోందో మనకి 2023 దాకా తెలియదు. ఈగ అక్కడ ఎప్పటినుంచో ఉంది, మంచు ఉంది, కెమెరాలు కూడా చాలా ఏళ్ళుగా ఉన్నాయి. వెళ్ళి చూసినవాళ్ళు లేరు, అంతే. ఈగలు, మంచు మనం తీరిక చేసుకునేదాకా ఆగుతాయన్న హామీ మాత్రం ఎవరూ ఇవ్వలేదు.